పెడల్ మీద పాదం

తొమ్మిదీ పదికి నేను మిషన్ స్కూలు పాత హాల్లో అడుగుపెట్టేసరికి లాజరు చేతికి బేడీ వేసి ఉంది. బేడీ రెండో కొస కుర్చీకి తగిలించారు. అరవై ఎనిమిదేళ్ళ ముసలాయన. రాజమండ్రిలో పియానో శ్రుతి చేయడం తెలిసింది ఆయనొక్కడికే. ఆ మనిషి పారిపోతాడని కుర్చీకి కట్టేశారంటే నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండింటికి ఆయన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతామని సీఐ పల్లంరాజు అప్పటికే పేపరు వాళ్ళకి చెప్పేశాడు. అంటే నా చేతిలో ఉన్నది గంటా యాభై నిమిషాలు.

నా పేరు వీరదుర్గ. పద్నాలుగేళ్ళు పోలీసు డిపార్టుమెంటులో పనిచేసి, ఒక పెద్దమనిషి బల్ల మీద రాజీనామా విసిరికొట్టి బయటికొచ్చి, ప్రైవేటు డిటెక్టివు బోర్డు పెట్టుకున్నాను. సంగీతంలో నాకు తెలిసింది సున్నా. అయినా పొద్దున్న ఏడింటికి ఆసుపత్రి మంచం మీంచి సారిక ఫోన్ చేసి అడిగితే కాదనలేకపోయాను.

నిన్న సాయంత్రం ఈ హాల్లో సారిక ఒక్కతే పియానో కచేరీ చేసింది. మొదటి సగం బరోక్, అంటే మూడొందల ఏళ్ళనాటి బాఖ్ కాలపు సంగీతం. రెండో సగం రొమాంటిక్, ఆ తర్వాత ఒక వందేళ్ళకి వచ్చిన షోపాన్ లాంటి వాళ్ళది. రెండో సగం మొదలుపెట్టి కుడికాలు పెడల్ మీద వేసిందో లేదో, కరెంటు కొట్టి బల్ల మీంచి విరుచుకుపడిపోయింది. అరికాలు కాలింది గానీ ప్రాణం దక్కింది.

"లాజరు తాత చేయలేదండి," అంది ఫోన్లో. "చేసినవాళ్ళు బయటే తిరుగుతున్నారు. ఒకసారి కుదర్లేదని ఊరుకుంటారా? వాళ్ళు దొరికేదాకా నాకు నిద్రపట్టదండి."

ఆ అమ్మాయి గొంతులో వణుకు ఇంకా నా చెవిలోనే ఉంది.

"దుర్గ గారు వచ్చారే," అన్నాడు పల్లంరాజు స్టేజీ మీంచి. "ఎవరు పిలిచారండీ మిమ్మల్ని?"

"ప్రాణం మీదికొచ్చిన మనిషి పిలిచింది రాజు గారూ. మీకు ఇంకా ఆవిడతో మాట్లాడే తీరిక దొరకలేదంట కదా."

ఆయన మొహం ముడుచుకుంది. ఇద్దరం ఒకే బ్యాచ్‌లో ట్రైనింగు అయినవాళ్ళం. అప్పట్నుంచీ ఉప్పూ నిప్పే.

స్టేజీ మెట్ల దగ్గర వాచ్‌మన్ చిట్టియ్య ఏడుపు మొహంతో నిలబడి ఉన్నాడు. "మేడంగారూ, మీరైనా చెప్పండి. ఈయన బూట్లతోనే ఎక్కేశారు. ఇది పూర్వం ప్రార్థన పీఠం ఉన్న చోటండి. ఎంత పెద్దవాళ్ళయినా చెప్పులు ఇక్కడ విడిచే ఎక్కుతారు. పియానో వాయించేవాళ్ళూ అంతే, లైట్లు కట్టేవాళ్ళూ అంతే. నలభై ఏళ్ళుగా ఒక్కరు కూడా తప్పలేదండి."

నేను చెప్పులు మెట్టు కింద విడిచి పైకెక్కాను. ఎర్ర సిమెంటు గచ్చు కాలికి చల్లగా తగిలింది. ఈ గచ్చు మీద ఉత్తికాళ్ళతో నిలబడి కరెంటు ముట్టుకుంటే ఇంక చెప్పేదేముంది.

పియానో కింద పడుకుని చూశాను. కాళ్ళ దగ్గర మూడు ఇత్తడి పెడల్స్. స్టేజీ అంచున ఉన్న లైట్ల బోర్డు నుంచి సన్నటి వైరొకటి గచ్చు పగులులో నుంచి దాక్కుంటూ వచ్చి, కుడి పెడల్ వెనక కడ్డీకి చుట్టుకుని ఉంది. తొక్క ఒలిచి, రాగి తీగని మూడు మెలికలు బిగించారు. మూడూ ఒకే కొలత. చేతికి అలవాటున్న పని.

లేచి వచ్చి లాజరు ఎదురుగా కుర్చీ లాక్కున్నాను.

"నిన్న మీరేం చేశారో వరసగా చెప్పండి."

"రెండింటికి వచ్చానండి. నాలుగూ నలభైకి శ్రుతి చేయడం అయిపోయింది. కుడి పెడల్ కూడా చూశానండి. అది నొక్కిపెడితే మోత ఆగకుండా సాగుతుంది, అందుకు. సారికమ్మ వచ్చి ఐదింటికి తనూ ఓ పది నిమిషాలు వాయించుకుంది. నేను గేటు దగ్గరికెళ్ళి కూచున్నాను."

"ఇంటర్వెల్లో మళ్ళీ స్టేజీ ఎందుకెక్కారు?"

"పైన ఒక తీగ జారినట్టుంది చూడమన్నారండి. చూశాను. బాగానే ఉంది. దిగిపోయాను."

"చూడమన్నది ఎవరు?"

ఆయన తల దించుకున్నాడు. నేను మళ్ళీ అడిగాను. మూడోసారి కూడా అడిగాను.

"అది మాత్రం అడక్కండమ్మా. ఆ మనిషికి ఏ పాపమూ తెలీదు. నా నోటితో ఆ పేరు స్టేషన్లో రాయించను."

"తాతగారూ, పదకొండింటికి మిమ్మల్ని జైలుకి పంపుతున్నారు. తెలుస్తోందా?"

"తెలుస్తోందండి," అన్నాడు నెమ్మదిగా.

ఇలాంటి మంచివాళ్ళతో వేగడం దొంగలతో వేగడం కన్నా కష్టం.

పల్లంరాజు చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. "అదండీ సంగతి. లెక్క వినండి. ఆరున్నర నుంచి ఏడూ ఇరవై దాకా, యాభై నిమిషాలు ఆ పిల్ల ఇదే పియానో వాయించింది. ఏం కాలేదు. ఏడూ ఇరవై నుంచి ఏడూ నలభై ఇంటర్వెల్. ఆ ఇరవై నిమిషాల్లో స్టేజీ ఎక్కింది ఈ ముసలాయన ఒక్కడే, రెండొందల మంది చూశారు. ఏడూ నలభై ఒకటికి షాకు. ఇంకెవరు పెట్టారంటారు? దయ్యమా?"

లెక్క వినడానికి బిగుతుగానే ఉంది. నిన్న రాత్రంతా ఆయన ఇదే మురిపెంగా తిప్పుకుంటూ ఉండి ఉంటాడు. కానీ నాకు ఒకటే అనుమానం. పియానో అంటే చేతుల పని. మరి కాళ్ళ సంగతి ఎవరైనా అడిగారా?

సారికకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"అమ్మా, మొదటి సగంలో పెడల్ ఎన్నిసార్లు నొక్కావు?"

"ఒక్కసారి కూడా లేదండి."

పల్లంరాజు తలెత్తాడు.

"బరోక్ వాయించేటప్పుడు నేను పెడల్ ముట్టుకోనండి. ఆ కాలం వాయిద్యాలకి అసలు ఆ పెడలే లేదు. కొంతమంది కాస్త వాడతారు గానీ మా సంపూర్ణమ్మ టీచరు గారు ఒప్పుకునేవారు కాదు. రెండు కాళ్ళూ వెనక్కి మడిచి బల్ల కింద పెట్టించేవారు. కదిపితే మోకాలి మీద స్కేలుతో ఒకటి తగిలేది. పదేళ్ళ అలవాటు. రొమాంటిక్‌కి వస్తే పెడల్ లేందే ఒక్క వరస కూడా నడవదండి."

"ఐదింటికి చూసుకున్నప్పుడు నొక్కావా?"

"నొక్కానండి. ఐదూ పదికి లేచాను. అప్పటికి ఏం లేదు."

ఫోన్ పెట్టేశాను. నాకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, ఆ స్టేజీ మీదే అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను.

"రాజు గారూ, మీ ఇరవై నిమిషాలు గోదాట్లో కలిసిపోయాయి. వైరు ఐదూ పది తర్వాత, ఆరున్నర లోపు ఎప్పుడైనా కట్టొచ్చు. యాభై నిమిషాలు ఆ పిల్ల కాళ్ళకి జానెడు దూరంలో చావు కాచుకుని కూచుంది. ఆ సమయంలో లాజరు ఎక్కడున్నాడు చిట్టియ్యా?"

"గేటు దగ్గర నాతోనే ఉన్నాడండి. గంట కొట్టేదాకా కదల్లేదు. టీ తాగి ఇద్దరం కబుర్లు చెప్పుకున్నాం."

"స్నేహితుడి సాక్ష్యం," అన్నాడు పల్లంరాజు. గొంతులో మునుపటి బిగువు లేదు. "ఇంకెవరో ఎక్కారని చూపించండి, బేడీ తీసేస్తాను."

"మాట మీదుంటారా?"

"పల్లంరాజు మాట ఇస్తే అంతేనండి."

అయితే ఎక్కింది ఎవరు? మూడు సంగతులు తెలిసిన మనిషి అయ్యుండాలి. వైరు పని తెలియాలి. పెడల్ సంగతి తెలియాలి. స్టేజీ మీదికి ఉత్తికాళ్ళతో ఎక్కుతారని తెలియాలి. ఆ మూడూ కూడబలుక్కుంటుండగానే హాలు చివర నుంచి ఒకాయన చేతులు కట్టుకుని వచ్చాడు. చంద్రరావు. మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపు. ఊళ్ళో ఏ ఫంక్షనుకైనా లైట్లూ మైకులూ ఆయనవే.

"సీఐ గారూ, నా లైటు స్టాండ్లు ఇప్పించండి. సాయంత్రం పెళ్ళికి కట్టాలండి."

"ముందు ఆ వైరు మీదో కాదో చూసి చెప్పండి," అన్నాను నేను. ఆయన మెట్ల దగ్గర చెప్పులు విడిచి పైకొచ్చి, వంగి చూసి, "నా వైరు చుట్టలోదేనండి," అన్నాడు. దాచలేదు. "మూడున్నరకి పని అయిపోయాక మిగిలిన చుట్ట ఇక్కడే వదిలేశాను. తర్వాత స్టేజీ ఎక్కలేదండి."

"మీకు పియానో వచ్చా?"

"అయ్యో, నాకెక్కడిదండీ. మా అమ్మాయి హేమశ్రీకి వచ్చు. సారికా తనూ కలిసే నేర్చుకున్నారు సంపూర్ణమ్మ టీచరు గారి దగ్గర, ఈ పియానో మీదే. దింపి, అయ్యేదాకా ఆ వరండాలోనే కూచునేవాణ్ణి. పదేళ్ళండి. కాలు కదిపితే స్కేలు దెబ్బ చప్పుడు నాకు బయటికి వినపడేది."

పదేళ్ళు వరండాలో కూచున్న తండ్రి. పియానో రాకపోయినా పెడల్ సంగతి తెలిసిన మనిషి.

"హేమశ్రీ నిన్న వాయించలేదేం?"

ఆయన మాట తడబడింది. "మొదట ఇద్దరిదీనండి కచేరీ. బరోక్ సగం సారిక, రొమాంటిక్ సగం మా అమ్మాయి. ఏడాదిపాటు సాధన చేసింది. మద్రాసు నుంచి వినడానికి పెద్దలొస్తున్నారని తెలిశాక, పదిహేను రోజుల కిందట టీచరు గారు, సారిక ఒక్కతే వాయిస్తే నిండుగా ఉంటుందన్నారు. మా అమ్మాయి పల్లెత్తు మాట అనలేదండి. పైగా పాసులు తనే పంచింది."

"ఐదూ పది నుంచి ఆరున్నర దాకా మీరెక్కడున్నారు?"

"హాలు చివర, మైకులు నడిపే మిక్సరు దగ్గరేనండి."

"ఎవరైనా చూశారా?"

"అందరూ చూస్తూనే ఉంటారు గానీ, మైకు వాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ."

అప్పుడొచ్చింది తేజస్వి. కచేరీని యూట్యూబులో లైవ్ ఇచ్చిన అమ్మాయి. కెమెరా స్టాండు మర్చిపోయిందట. నేను ఊరుకుంటానా, స్టాండు పట్టుకునే ఆపాను.

"కచేరీకి ముందు ఏమైనా రికార్డు చేశావా?"

"టెస్టు చేశానాంటీ. ఐదూ నలభై నుంచి ఆరు నిమిషాలు. కానీ తెర వేసే ఉంది. ఏం కనపడదు."

"ఏం కనపడనిదే చూపించు."

పల్లంరాజు పక్కనే ఎవరి మీదో ఫోన్లో అరుస్తున్నాడు. తేజస్వి తన ఫోన్లో సౌండు తగ్గించి వీడియో పెట్టింది. మూసిన తెర. ఖాళీ కుర్చీలు. ఎడమవైపు స్టేజీ మెట్లు. అదే, ఇంకేం లేదు. నేను మెట్ల అడుగునే చూస్తున్నాను. అక్కడ ఒక జత చెప్పులున్నాయి.

లావాటి నల్ల రబ్బరు చెప్పులు. ఎడమ చెప్పు పట్టీకి ఎర్ర ఇన్సులేషను టేపు చుట్టి ఉంది. ఐదూ నలభై మూడు దాకా అవి అక్కడే ఉన్నాయి. తర్వాత కెమెరా కుర్చీల వైపు తిరిగి వెనక్కొచ్చేసరికి లేవు.

అంటే మూసిన తెర వెనక ఆ మూడు నిమిషాలూ ఒక మనిషి ఉన్నాడు. ఒక ప్రాణం తీయడానికి వెళ్తూ కూడా, ఈ ఊరి మనిషి కాబట్టి, చెప్పులు కింద విడిచి వెళ్ళాడు.

ఫోన్లోంచి తలెత్తి మెట్ల కిందికి చూశాను. నా చెప్పుల పక్కన అవే చెప్పులున్నాయి. ఎర్ర టేపు ఇంకా మెరుస్తోంది.

"చంద్రరావు గారూ, ఇవి ఎవరివండీ?"

ఆయన వీడియో చూశాడు. చెప్పుల వంక చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. తర్వాత రెండు చేతులూ ముందుకి చాపాడు.

"నావేనండి. నేనే పెట్టాను. మా అమ్మాయికి అన్యాయం జరిగిందని నేనే చేశాను. ముసలాయన్ని వదిలేయండి."

పల్లంరాజు ఫోన్ జేబులో పెట్టేసుకుని ఒక్క అంగలో వచ్చాడు. "నేననుకుంటూనే ఉన్నా," అన్నాడు. ఆ మనిషికి సిగ్గన్నది దేవుడు పెట్టలేదు.

నాకు మాత్రం ఏదో అడ్డం తగులుతోంది.

"తేజస్వీ, నిన్న షాకు కొట్టినప్పుడు ఏమైంది?"

"సారికక్క అరిచిందాంటీ. వెంటనే హాలంతా చీకటైపోయింది. చంద్రరావంకులే మెయిన్ స్విచ్చి ఆపేశారు. రెండు సెకన్లు కూడా పట్టలేదు. లేకపోతే అక్క బతికేది కాదని డాక్టరు గారన్నారంట."

"వినపడిందా చంద్రరావు గారూ? చంపాలని వైరు కట్టిన మనిషి, అది పనిచేయగానే పరుగెత్తి ఆపేస్తాడా?"

"భయమేసిందండి."

"సరే. ముప్ఫై ఏళ్ళు కరెంటు పని చేసినవాళ్ళు. వైరు పట్టుకోబోతూ కాళ్ళకున్న రబ్బరు చెప్పులు విప్పారా?"

"ఇక్కడ ఎవరైనా విప్పుతారండి."

అదీ నిజమే. నేను తేజస్వి చేతిలోంచి ఫోన్ తీసుకుని, సౌండు మొత్తం పెంచి, వీడియో మొదటినుంచి పెట్టాను.

కుర్చీలు జరుపుతున్న చప్పుడు. వెంటనే హాలంతా మోగే గొంతు. "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ. చిట్టియ్యా, గేటు దాకా వినపడుతోందా?"

చంద్రరావు గొంతు. ఐదూ నలభై ఒకటికీ అదే గొంతు. ఐదూ నలభై రెండుకీ అదే. మెట్ల దగ్గర చెప్పులు మాత్రం కదలకుండా ఉన్నాయి.

"మీ గొంతు హాలు చివరుంది. మీ చెప్పులు స్టేజీ దగ్గరున్నాయి," అన్నాను. "వాటిని వేసుకెళ్ళింది ఎవరండీ?"

ఆయన మెట్టు మీద కూలబడిపోయాడు. నేను తొందరపెట్టలేదు. కన్నతండ్రిని ఆ మాట అడగడం నాకూ కష్టంగానే ఉంది.

"హీల్సుతో కాళ్ళు లాగేస్తున్నాయి నాన్నా, నీ చెప్పులివ్వు అందండి," అన్నాడు చివరికి. "మిక్సరు కింద విడిచి ఉన్నాయి, తీసుకోమన్నాను. చిన్నప్పట్నుంచీ నేనే చెప్పేవాణ్ణండి. షాపులో ఏ వైరు ముట్టుకోవాలన్నా కాళ్ళకి రబ్బరు ఉండాలమ్మా అని. మెలిక వేయడం కూడా నేనే నేర్పాను."

అందుకే తీసుకుంది చెప్పులు. కరెంటు నుంచి కాపాడుకోవడానికి. తీరా మెట్ల దగ్గరికొచ్చాక, ఈ పీఠం ఎక్కేముందు పదేళ్ళుగా చేస్తున్న పనే చేసింది. విప్పేసి ఎక్కింది.

అప్పుడు వెనక నుంచి లాజరు మాట వినపడింది. "హేమమ్మేనండి. ఇంటర్వెల్లో తీగ చూడమని నన్ను పంపింది హేమమ్మే. పెళ్ళి కావలసిన పిల్ల, స్టేషనుకి పిలుస్తారని నోరు మెదపలేదు. ఇద్దరూ నా కళ్ళముందు పెరిగిన పిల్లలండి." ఆయన ఏడుస్తున్నాడు.

పల్లంరాజు నా వంక చూడకుండా తాళంచెవి తీసి బేడీ విప్పాడు. ఇచ్చిన మాట నిలుపుకున్నాడు, ఆ మాత్రం ఒప్పుకోవాలి. గడియారం చూశాను. పదీ ఇరవై ఐదు.

"హేమశ్రీ ఎక్కడుందండీ?"

చంద్రరావు చెప్పడానికి నోరు తెరిచి, తను ఏం చెప్పబోతున్నాడో తనకే అర్థమై ఆగిపోయాడు.

"సారికని ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చి వస్తానని, తొమ్మిదిన్నరకి నా కారు పట్టుకెళ్ళిందండి."

సారిక నంబరు నొక్కి స్పీకరు పెట్టాను. నాలుగుసార్లు మోగాక ఎత్తింది. గాలి హోరు. పొద్దున్నటి వణుకు లేదు, గొంతు హుషారుగా ఉంది.

"చెప్పండి దుర్గ గారూ, స్పీకర్లో ఉన్నారు. కొవ్వూరు దాటేశామండి."

"ఇంటికి కదా వెళ్ళాలి? బ్రిడ్జి ఎందుకు దాటారు?"

"హేమ పట్టిసీమ తీసుకెళ్తోందండి. నాకు ప్రాణం దక్కితే వీరభద్రస్వామి దగ్గరికి తీసుకొస్తానని రాత్రి మొక్కుకుందంట. నాకు ఏడుపొచ్చేసింది. పడవెక్కాలి కదే, ఈ కాలితో ఎలా అంటే, ఎత్తుకుంటానంటోంది."

పల్లంరాజు అప్పటికే జీపు కోసం వాకిట్లోకి పరుగెత్తాడు. నేను ఏ మాట చెప్తే పక్కనున్న పిల్లకి అనుమానం రాదో వెతుక్కుంటున్నాను. అంతలో చంద్రరావు నా మణికట్టు పట్టుకుని ఫోన్ తన నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"హేమా," అన్నాడు. "కారు ఆపమ్మా. చెప్పులు చూశారు తల్లీ. అందరూ చూశారు."

అటువైపు సారిక ఏదో అడగబోయింది. ఆ మాట మధ్యలోనే హేమశ్రీ గొంతు వచ్చింది, కోపం లేకుండా, అలిసిపోయినట్టు.

"నిన్న మెయిన్ ఎందుకు ఆపావు నాన్నా?"

ఆ మాట పక్క సీట్లో ఉన్న సారిక కూడా విన్నది. ఫోన్ కట్టయిపోయింది.